వార్షిక నివేదిక: ఇంటి వంట, ఆరోగ్యం, పొదుపు

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం ఏడాది పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచడం కార్యదర్శి బాధ్యత. మన సంఘం ఆశయాలు మీకు కొత్త కావు కనుక నేరుగా పనుల్లోకి వస్తున్నాను. ఈ ఏడాది మనం చేసిన పని పేరు కొలవడం. ఉప్పు కొలిచాం, నూనె కొలిచాం, చివరికి చెత్తబుట్టలోకి పోయేదాన్ని కూడా తూచాం. ఆరోగ్యం మీద, పొదుపు మీద వేర్వేరుగా ఉపన్యాసాలు ఇదివరకు చాలా పెట్టుకున్నాం. విన్నవారు మెచ్చుకున్నారు, ఇంటికి వెళ్లి ఎప్పటిలాగే వండుకున్నారు. కొలత మొదలుపెట్టిన ఇళ్లలో మాత్రం వంట మారింది, ఖర్చూ తగ్గింది. ఆ ఇళ్లవారు చెప్పగా విన్నాను, పుస్తకాలు తెచ్చి చూపగా చూశాను.

ముందుగా కృతజ్ఞతలు. హాలు దొరకని నెలల్లో తమ ఇంటి వంటగదినే తరగతికి ఇచ్చిన అధ్యక్షుల దంపతులకు, కొలతల పట్టికలను అందమైన చేతిరాతతో రాసిచ్చిన విశ్రాంత ఉపాధ్యాయులకు, పాత్రలు మోసి, కడిగి, మళ్లీ అప్పగించేదాకా నిలబడిన యువ సభ్యులకు, ప్రతి సందేహానికీ ఓపికగా జవాబిచ్చిన మన వైద్యురాలికి సంఘం తరఫున హృదయపూర్వక ధన్యవాదాలు. అందరం పెద్దమ్మగారని పిలుచుకునే మన వయోవృద్ధ సభ్యురాలు ఒక్క తరగతి కూడా తప్పలేదు. ఆవిడ తన తూకపు యంత్రాన్ని సంఘానికి ఇచ్చేశారు. ఈ నివేదికలో ఏ తూకం గురించి చదివినా అది ఆవిడ యంత్రం మీద తూచిందే.

ఉప్పుతో మొదలుపెట్టాం. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చెంచాడు కన్నా కొంచెం తక్కువ. కానీ పొయ్యి దగ్గర నిలబడి చేత్తో ఉప్పు వేసేవారికి 5 గ్రాములంటే ఏం తెలుస్తుంది? అందుకని లెక్కను తిరగేశాం. ఇంట్లో నలుగురు పెద్దవారుంటే రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి. ప్యాకెట్ విప్పిన తేదీని దాని మీదే రాయండి అన్నాం. అంతకు మించి ఎవరికీ ఏ నియమమూ పెట్టలేదు. తేదీ రాసిన ఇళ్లలో చాలామంది ప్యాకెట్ అంతకు ఎంతో ముందే ఖాళీ కావడం చూసి విస్తుపోయారు. పచ్చళ్లలో, కొని తెచ్చిన తినుబండారాల్లో ఉండే ఉప్పు ఆ లెక్కలో లేనే లేదు. ఆ తర్వాతి తరగతిలో పులుపు, మిరియాలు, వెల్లుల్లి, తాజా ఆకులతో రుచి నిలబెడుతూ ఉప్పు ఎలా తగ్గించవచ్చో చేసి చూపాం. ఒక్కసారిగా సగానికి కోస్తే ఇంట్లో గొడవే. కొద్దికొద్దిగా తగ్గిస్తే కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. ఉప్పు తగ్గించినా వాడేది అయోడిన్ కలిపినదే కావాలని వైద్యురాలు పదేపదే గుర్తు చేశారు.

నూనెకు ఇదే పద్ధతి. వారానికి సరిపడా నూనెను చిన్న సీసాలోకి కొలిచి పోసుకోవడం, ఆ సీసాతోనే వారం గడపడం. కొవ్వు గ్రాముకు 9 కిలోకేలరీలు, పిండి పదార్థం, మాంసకృత్తులు గ్రాముకు 4. పెద్ద చెంచాడు నూనె దాదాపు 120 కిలోకేలరీలు. బాణలిలో ధారగా పోసే చేతికి ఆ సంగతి తెలియదు, సీసాకు తెలుస్తుంది. వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాచి వాడటం పొదుపు అనుకునేవారు మనలో ఇంకా ఉన్నారు. రంగు ముదిరి, చిక్కబడి, త్వరగా పొగ వచ్చే నూనె పారేయవలసిందే. నూనె మిగలకూడదనుకుంటే వేయించే బాణలి చిన్నది కావాలి, వేయించడమే అరుదు కావాలి.

చక్కెర గురించి ఒక్క పూట మాట్లాడాం. రోజుకు 2000 కిలోకేలరీలు తీసుకునే వ్యక్తికి, విడిగా కలిపే చక్కెరలన్నీ కలిసి 50 గ్రాములు దాటకూడదు, 25 గ్రాముల లోపైతే మరీ మంచిది. తేనె, పండ్ల రసం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఈ చివరి మాట విని చాలామంది నొచ్చుకున్నారు. అయినా చెప్పక తప్పదు.

పప్పుదినుసులు, చిక్కుళ్ల తరగతికి మంచి హాజరు ఉంది. మాంసకృత్తులకు ఇంత చవకైన మార్గం వంటింట్లో మరొకటి లేదు. మాంసకృత్తులు తయారయ్యే అమైనో ఆమ్లాల్లో, ధాన్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ ధాన్యంలో ఉంటుంది. రెండూ రోజులో కలిస్తే చాలు. పప్పులోని ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మలాంటి సి విటమిన్ ఉన్నదేదైనా తోడు కావాలి, టీ కాఫీలు భోజనానికి దూరం జరగాలి. ఇవి పైసా ఖర్చు లేని మార్పులు. రాజ్మా విషయంలో మాత్రం అందరినీ హెచ్చరించాం. పచ్చి రాజ్మాలో వాంతులు తెప్పించే లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు బాగా మరగనిస్తే అది నశిస్తుంది. సన్నని సెగ మీద గంటల తరబడి మగ్గబెట్టే విద్యుత్ కుండల్లో నేరుగా వేస్తే సరిపడా వేడి అందదు. అరకొరగా ఉడికింది పచ్చిదాని కన్నా ప్రమాదం.

ఆ రోజే ఇంధనం సంగతీ వచ్చింది. నీళ్లు మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా మూతలేని గిన్నెలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పెంచిన మంటంతా ఆవిరికే పోతుంది. మూత పెట్టాలి, మరిగాక సెగ తగ్గించాలి, మంట గిన్నె అడుగు దాటకూడదు. ప్రెజర్ కుక్కర్‌లో ఒత్తిడి వల్ల నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, అందుకే సమయం అంత కలిసొస్తుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త డెనిస్ పాపిన్ 1679లోనే దీని తొలి రూపాన్ని తయారు చేశాడని మన ఉపాధ్యాయులు చెబితే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. ఆవిరి వచ్చాక కూడా పెద్ద మంట మీదే ఉంచితే ఆ లాభం చాలా మటుకు పోతుంది.

ఇక సెప్టెంబర్ 29. ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ రోజు అదే. ఆహార నష్టం, వృథాలపై అవగాహన కోసం ఐక్యరాజ్యసమితి 2019లో ప్రకటించిన దినం అది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో దాదాపు 60 శాతం ఇళ్లలోనే. మనిషికి ఏడాదికి 79 కిలోలు ఇంట్లోంచి పోతోంది. ఆ లెక్కల్లో మన ఇల్లు ఎక్కడుందో చూద్దామని, ఆ వారమంతా పారేసే ప్రతిదాన్నీ తూచి రాయమని సభ్యులకు చిన్న పుస్తకాలు ఇచ్చాం. ఎముకలు, గింజల వంటి తినలేనివి ఒక పేజీలో, తినగలిగి ఉండీ పారేసినవి మరో పేజీలో.

పుస్తకాలు తిరిగొచ్చాక అందరం కూర్చుని చదివాం. ఎవరి ఇల్లు వారిదే అయినా పారేసినవి చూస్తే ఒకే ఇల్లు అనిపించింది. వాడిపోయిన ఆకుకూర, అడుగున మరిచిపోయిన కూరగాయ, మిగిలిన అన్నం, అంచులు ఎండిన రొట్టె. రెండో పేజీ నిండిన ఇళ్లలో సామాన్ల జాబితా లేకుండా కొనే అలవాటు కనిపించింది. ఎవరినీ వేలెత్తి చూపలేదు. అయినా సభలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత వంట. కాలీఫ్లవర్ కాడలు, ముల్లంగి ఆకులు, పుచ్చకాయ తొక్క లోపలి తెల్లభాగం, నిన్నటి రొట్టె ముక్కలు అన్నీ పాత్రల్లోకి ఎక్కాయి. పిల్లలు వడ్డించారు. కాడల కూర అందరికన్నా ముందు ఖాళీ అయింది. వండినవారు తాము వండింది మళ్లీ అడిగి తిన్నారంటే అంతకన్నా ఏం కావాలి!

ఆ పూట ఒక వాదనా జరిగింది, అది జరగడం మంచిదైంది. మిగిలింది ఏదీ పారేయకూడదన్న పట్టుదలతో ఒక పెద్దాయన, పొద్దుటి నుంచి బయటే ఉన్న అన్నాన్ని బాగా వేడిచేస్తే సరిపోతుందన్నారు. వైద్యురాలు ఒప్పుకోలేదు. బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు, గది వేడిలో మళ్లీ పెరిగి విషం వదులుతాయి, ఆ విషాల్లో ఒకటి తిరిగి వేడిచేసినా పోదు. వండినది రెండు గంటల లోపు 5 డిగ్రీల చల్లదనంలోకి చేరాలి, పెద్ద గిన్నెలో కాకుండా పలచగా పరిచి పెడితే త్వరగా చల్లబడుతుంది, తినేముందు లోపలి దాకా పొగలు కక్కేలా వేడిచేయాలి. బూజు పట్టిన వేరుశనగ గింజలను ఏరి వాడుకోవడం కుదరదు, ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం మామూలు వంటతో పూర్తిగా నశించదు. ఆకుపచ్చగా మారిన బంగాళాదుంప తొక్కతో ప్రయోగాలు వద్దు. ఇవన్నీ విని పెద్దాయన, “అయితే మిగలకుండా వండటమే దారి” అన్నారు. సభ మొత్తం ఆయనతో ఏకీభవించింది. మర్నాటి నుంచి బియ్యం కొలిచే డబ్బా మీద మనిషికింత అని గీతలు గీసుకున్నవారిలో ఆయనే మొదటివారు.

ప్యాకెట్ల మీద తేదీల గురించి కూడా అక్కడే స్పష్టత వచ్చింది. ‘ఈ తేదీ లోపు వాడితే మేలు’ అనేది నాణ్యతకు సంబంధించినది. ఆ తేదీ దాటినా, సరిగా నిల్వచేసిన ఎండు సరుకు చూసి, వాసన చూసి వాడుకోవచ్చు. ‘ఈ తేదీ దాటాక వాడరాదు’ అన్నది భద్రతకు సంబంధించినది, దానితో బేరం లేదు. రెండింటినీ ఒకటిగా చూసి ఎంత మంచి సరుకు పారేశామో ఆ పుస్తకాలే చెప్పాయి.

జమాఖర్చులు: ఆదాయం సభ్యుల చందా, కొద్దిపాటి విరాళాలు. ఖర్చు హాలు అద్దె, వంట సరుకులు, పట్టికలు, పుస్తకాల ముద్రణ. అప్పులు లేవు. కోశాధికారి తయారుచేసి, తనిఖీ పూర్తయిన పట్టిక ఈ నివేదికకు జతగా ఉంది, సందేహాలు వారిని అడగవచ్చు.

ఇప్పుడు మనసులో ఉన్న బాధ కూడా చెప్పాలి. గత సమావేశంలో స్వచ్ఛంద సేవకుల పట్టికలో పేజీ నిండా పేర్లు చేరాయి. తరగతి రోజున గిన్నెలు కడిగింది మాత్రం ప్రతిసారీ అదే నలుగురైదుగురు. రాలేకపోవడం తప్పు కాదు. ముందు చెప్పకపోవడం తప్పు. కూరగాయలు తరిగేవారు రాక, పెద్దమ్మగారు కత్తిపీట ముందు కూర్చోవలసి వచ్చిన రోజు నాకు చాలా కష్టమనిపించింది. ఇంకొకటి. తరగతులకు వచ్చినవారిలో అత్యధికులు స్త్రీలు. ఉప్పు తక్కువైందని కంచం ముందు చెప్పేవారు కూడా ఆ ఉప్పు కొలిచే తరగతికి రావాలి కదా. ఇంట్లో ఒక్కరు నేర్చుకుని మిగతా అందరినీ ఒప్పించవలసి రావడం అన్యాయం.

అధికారుల వైపు నుంచి పోషకాహార నిపుణులను పంపుతామన్న హామీ ఈ ఏడాదీ హామీగానే మిగిలింది. ఉత్తరాలు రాశాం, ఫోన్లు చేశాం, వెళ్లి కలిశాం. తేదీ ఇచ్చి రాలేదు, రాలేమని చెప్పనూ లేదు. ఆ రోజు హాలు నిండా కూర్చున్న సభ్యులకు జవాబు చెప్పుకోవలసింది మేము. వైద్యురాలు అప్పటికప్పుడు లేచి, కూరగాయలు, పండ్లు రోజుకు కనీసం 400 గ్రాములు ఎందుకు తినాలో, బంగాళాదుంప ఆ లెక్కలోకి ఎందుకు రాదో చెప్పి సభను నిలబెట్టారు. ఆ ఉత్తరాల నకళ్లు దస్త్రంలో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం మూడు ప్రతిపాదనలు మీ ముందు ఉంచుతోంది. పారేసే ఆహారాన్ని తూచే వారాన్ని ఏడాదికి రెండుసార్లు జరపడం. తక్కువ వాడే ఎండు సరుకులను కొందరు కలిసి ఎక్కువ మొత్తంలో కొని పంచుకోవడం. అయితే ఇంట్లో నిజంగా ఖర్చయ్యేంతే తీసుకోవాలి, చవక అని తెచ్చి పురుగు పట్టించుకుంటే లాభం లేదు. తరగతులకు ప్రతి ఇంటి నుంచి ఇద్దరు రావడం, వారిలో ఒకరు రోజూ వంట చేయనివారై ఉండటం. మూడోదానిపై కార్యవర్గంలోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి కనుక చర్చించి నిర్ణయించవలసింది సభే.

కొత్త సేవకుల పట్టిక తలుపు పక్క బల్ల మీద ఉంది. పేరు పక్కనే ఏ నెలలో, ఏ పని చేస్తారో కూడా రాయండి. పని రాయని పేర్లను ఈసారి పట్టికలో చేర్చం.

నమస్కారాలతో,
కార్యదర్శి