బెల్టుకు గార్డు పెట్టించాల్సింది ఎవరు?

సంపాదకులు గారికి,

రైస్ మిల్లులో తవుడు ఊడుస్తున్న ఒకావిడ చీర చెంగు మోటారు బెల్టులో చిక్కి చెయ్యి పోయిందని పది రోజుల కింద మీ జిల్లా పేజీలో వేశారు. ఆ వార్తలోనే ‘అజాగ్రత్తే కారణం’ అని ఒక అధికారి మాట. అది చదివి ఊరుకోబుద్ధి కాలేదు.

నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారుకు ఎనిమిదంగుళాల పుల్లీ, అంటే బెల్టును తిప్పే చక్రం, ఉంటే బెల్టు సెకనుకు 15 మీటర్లు పోతుంది. ఆరు గజాల చీరకు అర సెకను చాలు. ఇంక ఆవిడ జాగ్రత్త పడేదెప్పుడు?

చెయ్యీ బట్టా తగలకుండా బెల్టుకు పెట్టే అడ్డే గార్డు. మిల్లుల వాళ్లు కనిపించే వైపు రేకు ముక్క బిగించి గార్డు పెట్టేశామంటారు. మనిషిని లాగేది బెల్టు పుల్లీ మీదికి ఎక్కే చోటు. అది గోడ వైపు ఉంటే ఊడ్చేవాళ్లు వంగి దూరేదీ అటే. అందుకని రెండు వైపులా, అడుగునా మూయాలి. జాలీ కన్ను అరంగుళం మించకూడదు, బెల్టుకు ఐదంగుళాలు ఎడంగా ఉండాలి. రెండంగుళాల కన్నున్న కోళ్ల జాలీ కడితే చెయ్యి నేరుగా లోపలికే పోతుంది. షాఫ్టు (తిరిగే ఇరుసు) మీద పొడుచుకొచ్చిన కీ (పుల్లీ జారకుండా దిగ్గొట్టే ఇనుప ముక్క), బోల్టు తలలు కూడా కప్పాలి. బట్టను పట్టేసేవి అవే.

బేరింగుకు గ్రీజు పెట్టాలంటే గార్డు విప్పాలి. దాళ్వా (రబీ) ధాన్యం వచ్చి మిల్లు రాత్రింబవళ్లు ఆడేటప్పుడు మళ్లీ బిగించే తీరిక ఎవరికుంటుంది? మూలన పడేస్తారు. గ్రీజు ఎక్కించే మూతి (నిపుల్) నుంచి సన్నటి రాగి గొట్టం బయటికి తెస్తే గార్డు ముట్టుకునే పనే ఉండదు. వెల్డరుకు ఒక పూట పని! ధాన్యాన్ని పైకి ఎత్తే ఎలివేటర్ అడుగున ధాన్యం పట్టేస్తే స్విచ్చి ఆపి చెయ్యి పెడతారు. అదీ చాలదు. ఫ్యూజులు పీకి, చెయ్యి పెట్టేవాడి జేబులోనే ఉంచుకోవాలి. లేకపోతే అవతల ఎవరో తెలియక స్విచ్చి వేస్తారు.

యంత్రం నడుస్తున్నంతసేపూ గార్డు దాని చోట ఉండాల్సిందేనని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే ఉండేది. తిరిగే భాగాలు తగిలే ప్రమాదం ఉన్న చోట ఆడవాళ్లతో యంత్రం తుడిపించకూడదని ఆ పక్క సెక్షన్ చెప్పేది. ఇవి యజమానికి పెట్టిన బాధ్యతలు, కూలికి కాదు. పైగా కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అన్న ఆ కేంద్ర చట్టం లెక్కను, దాని స్థానంలో 2025లో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఇరవైకి పెంచింది. పదిహేను మందితో ఆడే చిన్న మిల్లులు, కోనసీమ కొబ్బరి పీచు యూనిట్ల సంగతి ఇక ఎవరు చూస్తారు? అధికారులు వస్తున్నారంటే మూలనున్న గార్డులు బిగిస్తారు, వాళ్ల జీపు కదిలాక మళ్లీ విప్పుతారు. ముందు చెప్పి వచ్చే తనిఖీ ఎందుకు?

ఇలాంటి వార్త వేసేటప్పుడు ఆ బెల్టుకు గార్డు ఉందా అని మీ విలేకరి చేత అడిగించండి. ఈ మిల్లులో ఇప్పటికైనా బిగించారో లేదో కూడా రాయండి.

– ఒక మిల్లు ఫిట్టర్, మండపేట