పేరు వేయొద్దన్న మీకు, నలుగురి ముందూ మా కృతజ్ఞతలు

అమెరికాలోని నెవాడా ర్యాంచ్‌లో మా విద్యార్థి బృందానికి మస్టాంగ్‌ల దగ్గర, అంటే అక్కడి అడవి గుర్రాల దగ్గర, మెలగడం నేర్పింది మీరు. పేరు వద్దన్నారు, సరే. మీరు నేర్పింది మాత్రం చెప్పకుండా ఉండలేం.

1971 నాటి అమెరికా అడవి గుర్రాల రక్షణ చట్టం గురించి యూనివర్సిటీలోనే చదివాం. దొడ్డిలో అడుగు ఎలా వేయాలో చెప్పింది మీరే. గుర్రానికి సరిగ్గా ముక్కు ముందు, తోక వెనక కనబడదు. అందుకే భుజం వైపుగా, ఏటవాలుగా, కళ్లలోకి సూటిగా చూడకుండా వెళ్లాలి. గుర్రం తల కాస్త దించి చెవి మనవైపు తిప్పగానే మనం ఒక అడుగు వెనక్కి వేయాలి. దానికి అదే బహుమానం. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. అది బెదిరిన క్షణంలో వెనక్కి తగ్గుతారు; బెదిరితే మనిషి వెళ్లిపోతాడని అది నేర్చుకుంటుంది.

అన్నిటికంటే విలువైనది మేత పాఠం. ఎముకలు తేలిన గుర్రానికి జాలిపడి దాణా పెడితే ఇన్సులిన్ ఒక్కసారిగా పెరుగుతుంది. రక్తంలోని ఫాస్ఫేటు, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోయి, కొద్ది రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు. అందుకే పశువైద్యుడి పర్యవేక్షణలో మొదటి 3 రోజులు 4 గంటలకోసారి సుమారు 450 గ్రాముల ఎండు ఆల్ఫాల్ఫా, అంటే మన లూసర్న్ గడ్డి, ఆకు ఎక్కువున్నది పెట్టాలి. తర్వాత 10వ రోజు దాకా మెల్లగా పెంచాలి. రాత్రి మేత కూడా తప్పకూడదు.

ఆ రాత్రి మేతలకు ప్రతిసారీ తక్కెడతో మాకంటే ముందే వచ్చి నిలబడ్డారు. మీకు మా నమస్కారాలు.