డర్క్ విగ్రహం కాళ్ల దగ్గర

ఇర్వింగ్, టెక్సస్
నవంబరు 23, 2025

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా కులాసా. అమ్మ మోకాలి నొప్పి నెమ్మదించిందని అన్నయ్య చెప్పాడు, మనసు కుదుటపడింది. చలి ఇంకా మొదలవలేదు. పొద్దున పూట మాత్రం స్వెట్టరు వేసుకుంటున్నాం.

మొన్న ఫోనులో మీరు అడిగారు, ఎవర్నో ఉద్యోగంలోంచి తీసేస్తే మనవడు ఇల్లంతా ఎందుకు గెంతాడని. ఫిబ్రవరిలోనేమో అన్నం మానేసి ఏడ్చాడన్నావు, ఇప్పుడేమో గెంతులన్నావు, అసలు సంగతేమిటన్నారు. నేను చెప్పబోయేసరికి లైను సరిగ్గా లేక మీకు సగమే వినిపించింది. బాస్కెట్‌బాల్ విషయం మీకు సగం చెప్పి వదిలేయడం నాకిష్టం లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఒకరి ఉద్యోగం పోతే గెంతకూడదని వాడిని ఆ రోజే మందలించాను, నాన్నగారూ. కానీ ఈ ఊళ్లో ఆ రోజు గెంతింది వాడొక్కడే కాదు.

అన్నిటికంటే ముందు మీకు డర్క్ నోవిట్‌స్కీ గురించి చెప్పాలి. ఆయనది జర్మనీలో వుర్జ్‌బర్గ్ అనే ఊరు. ఏడడుగుల మనిషి. అంత పొడుగున్న వాళ్లందరినీ బోర్డు కింద నిలబెట్టి బంతి అందుకోమనే రోజుల్లో ఈయన దూరం నుంచి షూట్ చేసేవాడు. హోల్గర్ గెష్విండ్నర్ అనే పాత ఆటగాడు కుర్రవయసు నుంచి పక్కనుండి అన్నీ నేర్పించాడు. 1998లో, ఇరవై ఏళ్ల వయసులో డాలస్ మావెరిక్స్ జట్టులోకి వచ్చాడు. మొదటి సీజన్లో సగటున 8 పాయింట్లే. ఇతన్నెందుకు తెచ్చారురా అని జనం అన్నారట. ఆ జట్టులోనే 21 సీజన్లు ఆడాడు. ఇన్ని సీజన్లు ఒక్క జట్టుకే ఆడినవాడు ఈ ఎన్‌బీఏ లీగ్‌లో మరొకడు లేడు.

అలాగని అవి హాయిగా గడిచిన ఏళ్లేమీ కావు. ఆయనకు ప్రాణస్నేహితుడైన స్టీవ్ నాష్‌ను 2004లో యాజమాన్యం నిలబెట్టుకోలేదు. నాష్ ఫీనిక్స్ వెళ్లి వరుసగా రెండేళ్లు ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, అయ్యాడు. 2006లో ఏడు మ్యాచ్‌ల ఫైనల్లో మయామీ మీద రెండు మ్యాచ్‌లు గెలిచి, తర్వాత నాలుగూ ఓడిపోయారు. నోటి దగ్గరికొచ్చిన ముద్ద జారిపోయినట్టే. ఆ మరుసటి ఏడు 67 మ్యాచ్‌లు గెలిచి అందరికంటే పైన నిలిచి, సీజన్ చివర కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్ మొదటి రౌండ్లోనే ఎనిమిదో స్థానం జట్టు చేతిలో ఓడిపోయారు. ఆయనకు ఎంవీపీ ట్రోఫీ ఇచ్చే సమయానికి జట్టు ఇంటి ముఖం పట్టేసింది. ఆ ట్రోఫీ ఎలా అందుకున్నాడో అని నాకిప్పటికీ అనిపిస్తుంది. ఇంకెవరైనా అయితే మంచి జట్టు చూసుకుని వెళ్లిపోయేవారు. ఆయన వెళ్లలేదు.

నేను ఎంఎస్‌కి ఇక్కడికి వచ్చింది 2010 ఆగస్టులో కదా. రిచర్డ్‌సన్‌లో నలుగురు ఆడపిల్లలం రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. ఒక్క పాత టీవీ. మా నలుగురిలో బంతి పట్టుకున్నది నేనొక్కదాన్నే. మిగతా ముగ్గురికీ రూల్స్ చెబుతూ 2011 ఫైనల్స్ చూపించాను. మళ్లీ అదే మయామీ. ఈసారి లెబ్రాన్ జేమ్స్, వేడ్, బాష్ ముగ్గురూ ఒకే జట్టులో ఉన్నారు. డాలస్ గెలుస్తుందని అనుకున్నవాళ్లు తక్కువ.

మొదటి మ్యాచ్‌లో డర్క్ ఎడమచేతి మధ్యవేలి నరం తెగింది. రెండో మ్యాచ్‌లో 15 పాయింట్లు వెనకబడి పుంజుకున్నారు. ఆఖరి సెకన్లలో ఆయన ఆ చేత్తోనే, ఎడమచేత్తోనే, రింగు దగ్గరికి దూసుకెళ్లి లే-అప్ వేసి గెలిపించాడు. నాన్నగారూ, నేను ఒక్కసారిగా లేచి నిలబడిపోయాను. రోజూ సాయంత్రం ఎడమచేత్తో వంద లే-అప్‌లు వేయిస్తూ, "కుడిచెయ్యి అందరికీ ఉంటుంది, ఎడమది సంపాదించుకోవాలి" అని మీరు విజిలూదడం చెవిలో వినిపించింది. నాలుగో మ్యాచ్ 101 డిగ్రీల జ్వరంతో ఆడాడు. ఆరో మ్యాచ్ సగమయ్యే సరికి 12 షాట్లు వేస్తే ఒక్కటే పడింది. అయినా వేయడం ఆపలేదు, చివరికి 21 పాయింట్లు చేశాడు. 105-95తో డాలస్ గెలిచింది. సమయం అయిపోగానే తోటివాళ్లు ఒకర్నొకరు కావలించుకుంటుంటే ఆయన మాత్రం బల్ల దాటుకుని, జెర్సీ మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. నలుగురి ముందు ఏడవడం ఇష్టం లేక. అప్పటికి నేను వచ్చి పది నెలలు. దిగులుతో ఎన్ని రాత్రులు బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చానో మీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ మనిషి అలా లోపలికి వెళ్లిపోతుంటే నాకు ఈ ఊరు మొదటిసారి నా ఊరనిపించింది.

ఆ గెలిచిన జట్టునైనా ఉంచారా అంటే, లేదు. ఆర్నెల్లు తిరిగేలోపు బోర్డు కింద కోటలా నిలబడ్డ టైసన్ చాండ్లర్‌ను వదిలేశారు, బారెయాను వదిలేశారు. డబ్బు మిగుల్చుకుంటే పెద్ద పెద్ద ఆటగాళ్లు వస్తారని లెక్క వేసుకున్నారు. వాళ్లు రాలేదు. తర్వాత ప్లేఆఫ్స్‌లో ఒక్క రౌండు గెలవడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి డర్క్ ఆట మానేసి మూడేళ్లు. ఆ కరువు రోజుల్లోనే, 2014లో, వేరే జట్లవాళ్లు ఎంతో ఎక్కువ ఇస్తామన్నా వినకుండా మూడేళ్లకు 2.5 కోట్ల డాలర్లకే ఇక్కడ సంతకం పెట్టాడు. తనకు తగ్గించుకుంటే ఇంకో మంచి ఆటగాడిని తెచ్చుకోవచ్చని.

ఇక్కడివాళ్లకు ఆయనంటే ఎందుకంత ప్రాణమో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆఖరి హోమ్ మ్యాచ్ 2019 ఏప్రిల్ 9న. నాలుగేళ్ల పిల్లాడిని ఎత్తుకుని మేమిద్దరం వెళ్లాం. వాడు సగం మీ అల్లుడి భుజం మీద నిద్రే. నలభై ఏళ్ల డర్క్ ఆ రాత్రి 30 పాయింట్లు చేశాడు. ఆయన చిన్నప్పుడు చూసి నేర్చుకున్న లారీ బర్డ్, చార్లెస్ బార్క్‌లీ లాంటివాళ్లంతా కోర్టులోకి వచ్చి పక్కన నిలబడ్డారు. అదే జట్టులో అప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాడు లూకా డాంచిచ్, స్లొవేనియా అబ్బాయి, మొదటి సీజన్ ఆడుతున్నాడు. పెద్దాయన దిగిపోతున్నాడు, చిన్నవాడు అందుకుంటున్నాడు. ఇంకో ఇరవై ఏళ్లు మనకు ఢోకా లేదని ఆ రాత్రి రైల్లో ఎవరి నోట విన్నా అదే మాట.

మీ మనవడికి ఊహ తెలిశాక చూసింది లూకానే. 77 నంబరు జెర్సీ ఉతకనివ్వకుండా వేసుకునేవాడు. 2024లో జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లాడు లూకా. బోస్టన్ మీద ఓడిపోయారు గానీ, మళ్లీ వస్తామని అందరం నమ్మాం.

ఈ ఏడాది ఫిబ్రవరి 1, శనివారం రాత్రి పదకొండు దాటాక మీ అల్లుడి ఫోను మోగడం మొదలుపెట్టింది. లూకాను లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేశారని. ఆ వార్త పెట్టిన విలేకరి అకౌంటును ఎవరో హ్యాక్ చేశారనుకున్నాం. నిజమని తెలిశాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. తెల్లారితే పిల్లాడికి ఎలా చెప్పాలన్న టెన్షన్‌తో నాకు కంటి మీద కునుకు లేదు. వినగానే వాడు ఏడవలేదు, "లూకాను అడిగారా?" అన్నాడు. లేదన్నాను. ఇక్కడ ఆటగాడిని అడగక్కర్లేదు, జట్టువాళ్లు అనుకుంటే చాలు, తెల్లారేసరికి ఇంకో ఊరు. అప్పుడేడ్చాడు.

లూకాకు అప్పటికి పాతికేళ్లు. బదులుగా వచ్చిన ఆంథొనీ డేవిస్‌కు ముప్పై ఒకటి. ఆయనతో పాటు మాక్స్ క్రిస్టీ అనే కుర్రాడు, 2029లో కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక అవకాశం. జట్టు కూర్పు చూసే జనరల్ మేనేజర్ నీకో హ్యారిసన్ ఇదంతా చేసింది, డిఫెన్సే కప్పులు గెలిపిస్తుందని కారణం చెప్పాడు. లూకా ఒళ్లు అదుపులో పెట్టుకోడనీ, వేసవిలో అతనికి అయిదేళ్లకు 34.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇవ్వాల్సి వస్తుందనీ కూడా అనుకున్నారు. కాగితం మీద అందులో కొంత న్యాయం ఉందేమో, నేను కాదనను. డేవిస్ మంచి ఆటగాడే, ఆయన తప్పేమీ లేదు. కానీ చేతికందిన కొడుకును దత్తతిచ్చేసినట్టుంది నాన్నగారూ. అందులోనూ ఎవరికీ చెప్పకుండా, చీకట్లో.

ఆ ఆదివారం పిల్లాడు డర్క్ దగ్గరికి వెళ్దామన్నాడు. డర్క్ అంటే ఆయన విగ్రహం. 2022 క్రిస్మస్ రోజున స్టేడియం ముందు పెట్టారు. ఆ పక్క వీధికి కూడా ఆయన పేరే. ఆరెంజ్ లైన్ రైలెక్కి విక్టరీ స్టేషన్లో దిగితే అక్కడే. ఎడమకాలి మీద నిలబడి, కుడిమోకాలు పైకెత్తి, వెనక్కి వాలుతూ బంతి వదులుతుంటాడు. ఆయన పేరు మోసిన షాట్ అదే. నమ్మకంగా ఉండటం ఎప్పటికీ చెరిగిపోదని కింద ఇంగ్లీషులో చెక్కారు.

మేం వెళ్లేసరికి ఆ కాళ్ల చుట్టూ పూలున్నాయి. కొవ్వొత్తులు, 77 జెర్సీలు, చేత్తో రాసిన కాగితాలు. శవపేటిక కూడా తెచ్చారు జనం. ఊరేదో పోగొట్టుకుంటే ఊరిపెద్ద దగ్గరికి వచ్చి నిలబడ్డట్టు నిలబడ్డారు. ఒక ముసలాయన వంగి, గాలికి పడిపోయిన పూలగుత్తులను ఒక్కొక్కటే లేపి మళ్లీ ఆనించి పెడుతున్నాడు. వేసుకున్నది 41 నంబరు జెర్సీ, డర్క్‌ది, రంగు పూర్తిగా వెలిసిపోయింది. మా పిల్లాడు వెళ్లి ఏమీ అడక్కుండా ఆయన పక్కన కూర్చుని పూలు సర్దడం మొదలుపెట్టాడు. అరగంట పైగా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. లేచేటప్పుడు ఆయన వాడి తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

అక్కడ నిలబడితే నాకు 1999 గుర్తుకొచ్చింది. మిమ్మల్ని మాచర్లకు బదిలీ చేసినప్పుడు గ్రిగ్ ఆటల పోటీలకు తయారవుతున్న పిల్లలంతా రేపల్లె బస్టాండులో బస్సుకు అడ్డం నిలబడ్డారు. కండక్టరు దిగి తిట్టినా కదల్లేదు. మీరు దిగి ఒక్కొక్కరి భుజం తట్టాక పక్కకు తప్పుకున్నారు. నాకప్పుడు పదకొండేళ్లు. మీరు కిటికీలోంచి వెనక్కి చూడలేదు, నేను చూశాను.

డర్క్ ఏం చేశాడంటారా? లేకర్స్ తరఫున లూకా మొదటి మ్యాచ్ ఆడిన రోజు లాస్ ఏంజెలెస్ వెళ్లి జనంలో కూర్చున్నాడు. జట్టు వదిలేసిన కుర్రాడి పక్కన జట్టు పెద్ద నిలబడ్డాడు. నాకు ఆయన చేసిన అన్ని పాయింట్లలోకీ అదే పెద్దదిగా కనిపిస్తుంది.

ఏప్రిల్ 9న లూకా లేకర్స్ జెర్సీలో డాలస్ వచ్చాడు. సరిగ్గా ఆరేళ్ల కిందట డర్క్ వీడ్కోలు తీసుకున్న తారీఖే. మేం టీవీలో చూశాం. జట్టు పాత ఆటల వీడియో వేస్తే బెంచీ మీద కూర్చుని తువ్వాలు మొహానికి అద్దుకున్నాడు. తర్వాత లేచి మా మీదే 45 పాయింట్లు చేశాడు. స్టేడియమంతా సొంత జట్టును మరిచి అతనికే చప్పట్లు కొట్టింది.

తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. డేవిస్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. మార్చిలో జట్టులో ఇంకో ముఖ్యమైన ఆటగాడు కైరీ ఇర్వింగ్ మోకాలు దెబ్బతింది. మే నెలలో, డ్రాఫ్ట్‌లో ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చే లాటరీలో, నూటికి రెండు పాళ్లు కూడా లేని అవకాశంతో డాలస్‌కు మొదటి ఎంపిక తగిలింది. కూపర్ ఫ్లాగ్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు వచ్చాడు. అయినా ఈ సీజన్ మొదటి 11 మ్యాచ్‌ల్లో 8 ఓడిపోయారు, మ్యాచ్‌ల్లో నీకోను తీసేయమని జనం అరిచారు. నవంబరు 11న తీసేశారు. మీ మనవడి గెంతులు అందుకు.

ఫ్లాగ్ చక్కగా ఆడుతున్నాడు, కష్టపడతాడు, చూడముచ్చటగా ఉంటాడు. అతని 32 నంబరు జెర్సీ కొందామంటే మా పిల్లాడు కాసేపు ఆలోచించి, "ఉంటాడా అమ్మా ఇక్కడే?" అన్నాడు. పదేళ్ల పిల్లాడు అడగాల్సిన ప్రశ్న కాదది. జట్టువాళ్ల మీద నా కోపమంతా దానికే. డేవిస్ వస్తే వచ్చాడు, మ్యాచ్‌లు ఓడిపోతే పోయారు. ఇరవయ్యొక్క ఏళ్లు ఒక మనిషి నిలబడి ఈ ఊరి పిల్లలకు ఇచ్చిన నమ్మకాన్ని ఒక్క రాత్రిలో పాడుచేశారు. జెర్సీ ఇంకా కొనలేదు. వాడే అడగాలని ఊరుకున్నాను.

మార్చిలో మీరొచ్చాక విక్టరీ స్టేషన్‌కు నలుగురం వెళ్దాం. అమ్మకు అక్కడ కూర్చోవడానికి చోటుంటుంది. ఇంకో సంగతి. వాడు రోజూ సాయంత్రం గ్యారేజీ ముందు రింగు దగ్గర డర్క్ షాట్ వేస్తున్నాడు, ఒంటికాలి మీద. మీరైతే రెండు కాళ్లూ నేల మీద పెట్టి లేవమంటారని నేను చెబుతూనే ఉన్నాను. తాతయ్య వచ్చి చూసి తప్పంటే మానేస్తానన్నాడు. పదింటికి మూడు పడుతున్నాయి. నిజం చెప్పాలంటే, పడ్డప్పుడు చాలా బాగుంటుంది.

బీరువాలో పై అరలో మీ పాత ఇత్తడి విజిల్ ఉండాలి, చూసి సూట్‌కేసులో పెట్టుకోండి. దాని తాడు పాతదైపోయిందని అన్నయ్య మార్చేస్తాడేమో, మార్చనివ్వకండి.

అమ్మను మందులు మానొద్దన్నానని చెప్పండి.

మీ అమ్మాయి