ధ్రువాల నీళ్ళలో పురుగుల లెక్క కూడా ఏటా రాయించండి సార్

కేంద్ర భూ విజ్ఞాన శాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, నేను శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు పిల్లలకి జువాలజీ చెప్తాను. మా గెడ్డల్లో (వాగుల్లో) నత్తలు, పీతలు, తూనీగ పిల్లపురుగులు అన్నీ వానని బట్టి బతుకుతాయి, ధ్రువాల్లో నీటి జీవులు అయితే నీటి మీద మంచు ఎన్నాళ్ళు లేకుండా ఉంటుందో దాన్ని బట్టి బతుకుతాయి. మనకి అంటార్కిటికాలో 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి, ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి హిమాద్రి అనే పరిశోధనా కేంద్రాలు ఉన్నాయి కాబట్టే మీకు రాస్తున్నాను.

అంటార్కిటికా మంచినీటి చెరువుల్లో చేపలే లేవు. రోటిఫర్లు, టార్డిగ్రేడ్లు లాంటి మైక్రోస్కోపు కింద చూడాల్సిన జీవులు, నెమటోడ్లు అనే సన్నటి పురుగులు, కొన్ని చిన్న క్రస్టేషియన్లు (రొయ్య, పీత జాతివి), అంతే. అంటార్కిటికా ద్వీపకల్పం వైపు ఫెయిరీ ష్రింప్ అనే రొయ్యలాంటి చిన్న జీవి ఒకటి ఉంది, చలికాలం చెరువు గడ్డకడితే పెద్దవన్నీ చచ్చిపోతాయి, గుడ్లు మాత్రం అడుగు మట్టిలో ఉండిపోయి మళ్ళీ వేసవికి పొదుగుతాయి.

నా అసలు బాధ ఆర్కిటిక్ గురించి. హిమానీనదం కింద నుంచి వచ్చే నీరు 2 డిగ్రీలు కూడా దాటదు, బురద బురదగా ఉంటుంది, అడుగున రాళ్ళు కూడా కుదురుగా ఉండవు, అలాంటి చోట డయామీసా అనే కుట్టని దోమజాతి లార్వాలు తప్ప పెద్దగా ఏవీ బతకవు. ఇప్పుడు వేడికి హిమానీనదాలు వెనక్కి పోతుంటే నీరు వెచ్చబడి, తేటపడి, వేరే పురుగులు చేరతాయి. లెక్కలో జాతులు పెరిగినట్టే కనిపిస్తుంది. అది చూసి మంచిదే కదా అనుకుంటే పొరపాటు సార్, ఎందుకంటే కొత్తగా చేరినవి కింది ప్రాంతాల్లో ఎలాగూ ఉన్నవే, పోయేవి మాత్రం ఆ చల్లదనం తప్ప ఇంకోచోట నిలవలేనివి, ఇంకా ఉత్తరానికి పోదామంటే ఉన్నది సముద్రమే. మొత్తం ఎన్ని అనే అంకె ఒక్కటే రాస్తే ఈ నష్టం రిపోర్టులో కనపడదు.

అందుకే అడుగుతున్నాను. మన టీములు వెళ్ళిన ప్రతిసారీ అవే చెరువులు, అవే వాగులు, అదే పద్ధతి, ఏ జాతి ఎంత ఉందో పేరుపేరునా రాయాలి, నీటి వేడి, మంచు కరిగిన తేదీ పక్కనే ఉండాలి. ఇప్పటికే చేస్తుంటే ఆ డేటా అందరికీ తెరవండి, తెలుగులో కూడా పెట్టించండి. 2022లో ఆర్కిటిక్ పాలసీ తెచ్చారు కదా, ఈ పనికి దాని కింద ఏటా ఆగని డబ్బు కేటాయించండి, మూడేళ్ళ ప్రాజెక్టు ఇచ్చి ఆపేస్తే మార్పు తెలీదు. మా దగ్గర జువాలజీ చదివే పిల్లల్ని ఆ టీముల్లోకి తీసుకోండి, లార్వాల తలలు మైక్రోస్కోపు కింద చూసి జాతి గుర్తుపట్టే ఓపిక వీళ్ళకి ఉంది.

ఇట్లు,
టెక్కలి నుంచి ఒక జువాలజీ టీచర్