డ్యూయల్ స్టేజ్ అని చెప్పి సింగిల్ స్టేజ్ సీఓటూ రెగ్యులేటర్ పంపారు, దాంతోపాటు ఇచ్చిన సెటప్ షీట్ ప్రమాదకరం: ఫిర్యాదు

కస్టమర్ కేర్ వారికి,

నమస్తే అండి, విజయవాడ నుంచి రాస్తున్నాను. ప్లాంటెడ్ అక్వేరియం (నీటి మొక్కలు పెంచే చేపల తొట్టి) కోసం మీరు అమ్మే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) కిట్, అదే 2 కేజీల సిలిండర్, రెగ్యులేటర్ (సిలిండర్ ప్రెషర్‌ని తగ్గించేది), సోలనాయిడ్ (కరెంటుతో గ్యాస్ ఆన్, ఆఫ్ చేసే వాల్వ్), బబుల్ కౌంటర్ (బుడగలు లెక్కపెట్టేది), డిఫ్యూజర్ (గ్యాస్‌ని సన్నటి బుడగలుగా నీళ్ళలో కలిపేది), డ్రాప్ చెకర్ (నీళ్ళలో సీఓటూ ఎంతుందో రంగుతో చూపేది) అన్నీ కలిపి ఉన్నది, మా 3 అడుగుల ట్యాంక్ కోసం కొన్నాను. బిల్లు, ఫోటోలు, వీడియో ఈ మెయిల్‌కే జత చేశాను. గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువై చేపలు చచ్చిపోయాయని చాట్‌లో చెప్తే మీవాళ్ళు "నీడిల్ వాల్వ్ (గ్యాస్ ఎంత వెళ్ళాలో సెట్ చేసే సన్నటి వాల్వ్) ఎక్కువ తిప్పి ఉంటారు సార్" అనేసి టికెట్ క్లోజ్ చేసేశారు, నేను పంపిన వీడియో తెరిచి కూడా చూడలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాయాల్సొస్తోంది, దయచేసి రెగ్యులేటర్ లోపల ఏముంటుందో తెలిసిన మనిషి ఎవరైనా ఇది చదివేలా చూడండి.

మీ సైట్‌లో ఈ రెగ్యులేటర్‌ని డ్యూయల్ స్టేజ్ అని రాశారు. నేను ఎక్కువ డబ్బులు పెట్టి ఇదే కొన్నది ఆ ఒక్క మాట చూసే. వచ్చింది మాత్రం సింగిల్ స్టేజ్, కాకపోతే రెండు గేజులున్నాయి, ఒకటి సిలిండర్ ప్రెషర్‌కి ఇంకోటి వర్కింగ్ ప్రెషర్‌కి. గేజులు రెండుంటే స్టేజులు రెండున్నట్టు కాదండి. డ్యూయల్ స్టేజ్ అంటే లోపల ప్రెషర్ తగ్గించే గదులు రెండుండాలి, మొదటిది సిలిండర్ ప్రెషర్‌ని మధ్యస్థంగా దించితే రెండోది మనకి కావాల్సిన 30, 40 పీఎస్ఐకి (పీఎస్ఐ అంటే ప్రెషర్ కొలత) తెస్తుంది, అందుకే సిలిండర్ ఖాళీ అవుతున్నా బయటికొచ్చే ప్రెషర్ పెద్దగా మారదు. సింగిల్ స్టేజ్‌లో అలా ఉండదు, లోపలి వాల్వ్ మూసుకోవడానికి సిలిండర్ ప్రెషర్ కూడా సాయపడుతుంటుంది కాబట్టి అది పడిపోయేకొద్దీ వాల్వ్ ఇంకొంచెం తెరుచుకుని అవుట్‌లెట్ ప్రెషర్ పెరుగుతుంది. గ్యాస్ అయిపోయే ముందు చివర్లో బుడగలు ఒక్కసారిగా ఎక్కువైపోయేది ఇందుకే, హాబీలో ఉన్నవాళ్ళు దీన్ని ఎండ్ ఆఫ్ ట్యాంక్ డంప్ అంటారు. ఇది జరక్కూడదనే మేం డ్యూయల్ స్టేజ్ కొనుక్కునేది.

మా ఇంట్లో జరిగింది సరిగ్గా అదే. సెకనుకి ఒక బుడగ చొప్పున సెట్ చేసి ఉన్నది, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బబుల్ కౌంటర్‌లో లెక్కపెట్టడానికి వీల్లేకుండా ధారలా పోతోంది. డ్రాప్ చెకర్ నిమ్మపండు పసుపు రంగులోకి మారిపోయింది, అంటే సీఓటూ మరీ ఎక్కువైపోయింది, రమ్మీనోస్ టెట్రా చేపలకి మూతి మీద ఉండే ఎరుపు మొత్తం పోయి తెల్లగా పాలిపోయి అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి, అడుగున ఏంజెల్ చేప ఒకటి పక్కకి ఒరిగి పడుంది. సోలనాయిడ్ ప్లగ్ పీకేసి, సిలిండర్ వాల్వ్ కట్టేసి, ఎయిర్ స్టోన్ వేసి, ఫిల్టర్ అవుట్‌లెట్ పైకి లేపి నీటి పైభాగం బాగా కదిలేట్టు పెట్టి, మూడోవంతు నీళ్ళు మార్చాను. కొన్ని తేరుకున్నాయి, ఏంజెల్స్ రెండూ పోయాయి, ష్రింప్ దాదాపు ఏవీ మిగల్లేదు. చేతిలో వేలెడంత ఉన్నప్పటినుంచీ పెంచిన ఏంజెల్స్ అవి, వాటి విలువ మీ రిఫండ్ ఫారంలో నింపే గడి ఏదీ లేదు.

తర్వాత ఆ సిలిండర్ రీఫిల్ చేయించి, ట్యూబ్ ట్యాంక్‌లోంచి తీసేసి, బాల్కనీలో పెట్టి టెస్ట్ చేశాను, మీకు పంపిన వీడియో అదే. ప్రెషర్ నాబ్ ముట్టుకోలేదు, నీడిల్ వాల్వ్ ముట్టుకోలేదు. సిలిండర్ వైపు ముల్లు 1000 దగ్గర నుంచి 300కి దిగుతుంటే రెండో గేజ్ ముల్లు 30 నుంచి మెల్లగా ఎక్కి 40 దాటేసింది. డ్యూయల్ స్టేజ్ అయితే అలా ఎక్కదు. నీడిల్ వాల్వ్ నేను తిప్పి ఉంటాను అన్న మీ మాటకి ఇదే నా సమాధానం.

ఇక బాక్స్‌లో వచ్చిన షీట్ గురించి. నిజానికి రెగ్యులేటర్ కన్నా నాకు దీనిమీదే ఎక్కువ భయంగా ఉంది, ఎందుకంటే రెగ్యులేటర్ మారుస్తారు సరే, ఆ షీట్ మాత్రం కొత్తవాళ్ళందరి చేతుల్లోకీ వెళ్తోంది.

డ్రాప్ చెకర్‌లో ట్యాంక్ నీళ్ళే పోసి, ఇండికేటర్ చుక్కలు వేసి, ఆకుపచ్చ వచ్చేదాకా గ్యాస్ పెంచమని రాశారు. అది తప్పండి. అందులో 4 డీకేహెచ్ ద్రావణం (కేహెచ్ అంటే నీళ్ళలో కార్బొనేట్ల కొలత, అది సరిగ్గా 4 ఉండేలా తయారుచేసిన నీళ్ళు) పోయాలి, అప్పుడే ఆకుపచ్చ అంటే ట్యాంక్‌లో సీఓటూ సుమారు 30 పీపీఎం (లీటరుకి 30 మిల్లీగ్రాములు) అని అర్థం. మావైపు బోరు నీళ్ళు, నా ట్యాంక్ కేహెచ్ 10. ఆ నీళ్ళే పోస్తే ఆకుపచ్చ రావాలంటే సీఓటూ 75 పీపీఎం దాకా వెళ్ళాలి, అంత ఉంటే చేపలు బతుకుతాయా? నాకు ముందే తెలుసు కాబట్టి 4 డీకేహెచ్ విడిగా తెప్పించుకుని వాడాను, మొదటిసారి ట్యాంక్ పెట్టే పిల్లాడికి ఎలా తెలుస్తుంది, మీ షీట్‌నే నమ్ముతాడు కదా. పైగా ఆ రంగు మారడానికి గంట రెండు గంటలు పడుతుందన్న ముక్క షీట్‌లో ఎక్కడా లేదు, రంగు రాలేదని తిప్పుతూ పోతే ఏమవుతుందో మీరే ఆలోచించండి. కొంచెం తిప్పడం, ఆగడం, చేపల్ని చూడటం, మళ్ళీ కొంచెం తిప్పడం, అదీ మనిషి ఇంట్లో ఉండే సెలవు రోజున చేయడం, ఇదొక్కటి రాసినా చాలా చేపలు బతుకుతాయి.

మొదటిసారి ఎలా తెరవాలన్నది కూడా తలకిందులుగా ఉంది, సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఆ తర్వాత మిగతావి సెట్ చేసుకోమన్నారు. ముందు నీడిల్ వాల్వ్ మూసి, ప్రెషర్ నాబ్ వెనక్కి పూర్తిగా వదులు చేసి, మొహం గేజుల ముందు పెట్టకుండా పక్కకి నిలబడి, అప్పుడు సిలిండర్ నిదానంగా తెరవాలి, ఆ తర్వాత వర్కింగ్ ప్రెషర్, ఆ తర్వాత సోలనాయిడ్, ఆఖర్న నీడిల్ వాల్వ్. సోలనాయిడ్‌ని టైమర్‌కి పెట్టి లైట్‌కి గంటో రెండు గంటలో ముందు ఆన్ అయ్యేలా, లైట్ ఆగేముందే ఆఫ్ అయ్యేలా చూసుకోవాలని, రాత్రి మొక్కలు సీఓటూ వాడుకోవు కాబట్టి వదలకూడదని కూడా లేదు. చెక్ వాల్వ్ (నీళ్ళు ట్యూబ్‌లోంచి వెనక్కి రాకుండా ఆపేది) ఏ వైపు పెట్టాలో బొమ్మ లేదు. సీఓటూ ట్యూబ్ అని ఇచ్చింది మామూలు సిలికాన్ ట్యూబ్, అందులోంచి గ్యాస్ ఊరికే బయటికి పోతుంటుంది.

అన్నిటికన్నా ఘోరం గేజ్ గురించి రాసిన లైను: "800 పీఎస్ఐ దాటితే వాల్వ్ తెరిచి కొంత గ్యాస్ వదలండి". సిలిండర్‌లో లిక్విడ్ ఉన్నంతసేపూ ప్రెషర్ టెంపరేచర్‌ని బట్టే ఉంటుంది, 20 డిగ్రీల దగ్గర 830 పీఎస్ఐ, 30 దగ్గర 1045 దాకా. 31 దాటితే ఇక లిక్విడ్, గ్యాస్ అనే తేడానే ఉండదు, ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. మే నెలలో విజయవాడలో ఏ ఇంట్లో 31 లోపు ఉంటుంది చెప్పండి! మీ లెక్కన ఎండాకాలమంతా అందరూ ఇంట్లో గ్యాస్ వదులుతూ కూర్చోవాలి. చేయాల్సింది ఎండ తగలని చోట, నిలువుగా, పడిపోకుండా కట్టి పెట్టడం, ఎంత మిగిలిందో గేజ్ చూసి కాకుండా తూకం వేసి తెలుసుకోవడం.

ఏసీ గదిలో తలుపులు వేసుకుని గ్యాస్ వదిలితే ఏమవుతుందో లెక్క కట్టాను. 2 కేజీల సీఓటూ అంటే బయటికొచ్చాక దగ్గరదగ్గర 1100 లీటర్లు. 10 బై 12 గది, 10 అడుగుల ఎత్తు అనుకుంటే గాలి 34,000 లీటర్లు. మొత్తం వదిలేస్తే 3 శాతం దాటుతుంది, మామూలు గాలిలో ఉండేది 0.04, పనిచేసే చోట్ల 8 గంటలకి పెట్టుకున్న పరిమితి 0.5. 3 శాతమంటే తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి, అదీగాక గాలికన్నా బరువు కాబట్టి ముందు కిందే చేరుతుంది, కింద పరుపేసుకుని పడుకునే పిల్లల సంగతేంటి? వంటగ్యాస్ లీకైతే వాసనొస్తుంది, దీనికి వాసన లేదు. సబ్బు నీళ్ళతో ప్రతి జాయింటూ చూసుకోమని అయినా రాయొచ్చు కదా, అదీ లేదు.

ఇంకోటి, సిలిండర్ మెడ దగ్గర పంచ్ చేసిన వివరాల మీద మీ కంపెనీ స్టిక్కర్ అంటించారు. రీఫిల్ షాపతను హైడ్రో టెస్ట్ (సిలిండర్ ప్రెషర్‌ని తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) తేదీ చూడందే నింపనన్నాడు (అతను చేసింది కరెక్టే), గోరుతో గీకి పీకితేగానీ తేదీ కనపడలేదు.

నాకు కావాల్సినవి చెప్తున్నాను. రెగ్యులేటర్ డబ్బులు పూర్తిగా వెనక్కి ఇవ్వండి, కూపన్ వద్దు, వాలెట్ క్రెడిట్ వద్దు. సైట్‌లో డ్యూయల్ స్టేజ్ అన్న మాట వెంటనే తీసేయండి. ఇప్పటిదాకా ఈ కిట్ కొన్నవాళ్ళందరికీ మెసేజ్ పెట్టి, గ్యాస్ ఆ 800 పీఎస్ఐ లైను చూసి వదలొద్దని, డ్రాప్ చెకర్‌లో ట్యాంక్ నీళ్ళు పోయొద్దని, తూకం తగ్గగానే సిలిండర్ ఖాళీ అయ్యేదాకా ఆగకుండా మార్చుకోమని చెప్పండి. కొత్త షీట్ తెలుగులో కూడా వేయండి, కావాలంటే నేను కూర్చుని రాసిస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు. 15 రోజుల్లో సరైన జవాబు రాకపోతే 1915కి కాల్ చేసి నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో పెడతాను, లేనిది ఉందని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏమవుతుందో మీ లీగల్ వాళ్ళని అడగండి.

రెగ్యులేటర్ పికప్‌కి పంపేముందు ఫోన్ చేయించండి, ఉదయం 9 లోపు గానీ సాయంత్రం 7 తర్వాత గానీ ఇంట్లో ఉంటాను. సిలిండర్ కూడా తీసుకెళ్తామంటే అందులో ఇంకా కొంత గ్యాస్ ఉంది, ఆ అబ్బాయికి ముందే చెప్పండి, బైక్ మీద అడ్డంగా పెట్టుకుని ఎండలో తిప్పొద్దు.