మన చెల్కకు సత్తువ ఎట్లా వస్తుంది

చిరంజీవి బిడ్డకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా, నేనూ క్షేమం.

మన నల్లగొండ ఎర్ర చెల్క నేలలో సత్తువ తగ్గిందని విని, నేలకు బలమని అమ్మే హ్యూమిక్ యాసిడ్ డబ్బాలకు డబ్బు పంపుతానని నీవు రాసిన ఉత్తరం అందింది. సేంద్రియ కర్బనం, అంటే మురిగిన ఆకు, పెంటల నుంచి నేలకు చేరే కర్బనం, 0.5 శాతానికి లోపు ఉంటే భూసార పరీక్షలో దానిని ‘తక్కువ’ అనే రాస్తారు; మన పత్రంలోనూ అదే ఉంది. నీ ఆందోళన న్యాయమైనదే కానీ, ఆ డబ్బును వేరే విధంగా ఖర్చు చేయాలని నా అభిప్రాయం.

హ్యూమేట్ పేరుతోనూ అంగడిలో అమ్మే ఈ హ్యూమిక్ మందును చాలావరకు లిగ్నైట్ వంటి నేలబొగ్గు నుంచి క్షారంతో తీస్తారు. అది పనికిరాని సరుకేమీ కాదు. 2021లో కేంద్రం జీవ ఉత్ప్రేరకాలను, అంటే మొక్క ఎదుగుదలకు ఊతమిచ్చే పదార్థాలను, ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో చేర్చినప్పుడు హ్యూమిక్, ఫుల్విక్ ఆమ్లాలకూ అందులో చోటిచ్చింది. వేరు సాగడానికి, ఇనుము, జింకు మొక్కకు అందడానికి అవి తోడ్పడతాయి. అయితే ఒక్కసారి లెక్క వేసి చూడు. ఎకరంలో పై అర అడుగు మన్ను సుమారు 900 టన్నులు తూగుతుంది. అందులో కర్బనం 0.1 శాతం పెరగాలన్నా 900 కిలోల కర్బనం నేలలో నిలవాలి. ఎకరానికి కొద్ది కిలోలు పడే డబ్బా మందు ఆ లోటును ఎన్నటికి పూడ్చగలదు?

మొన్న గట్టు మీది కానుగ చెట్టు కింది మట్టిపెళ్లను, చేను నడుమ పెళ్లను బాగా ఎండబెట్టి, రెండు గ్లాసుల నీళ్లలో వేశాను. చేను పెళ్ల చూస్తుండగానే విచ్చిపోయి, అడుగున ఇసుక, పైన ఎర్రనీళ్లు మిగిలాయి. కానుగ కింది పెళ్ల సాయంత్రానికీ చెదరలేదు. రెండూ ఒకే ఎర్రమన్ను. ఆ చెట్టు కింద నాగలి తిరగదు, రాలిన ఆకు అక్కడే మురుగుతుంది. ఆ ఆకును తిన్న సూక్ష్మజీవులు విడిచిన జిగురూ, ఆకు మురిగాక మిగిలే నల్లని హ్యూమస్సూ కలిసి రేణువులను పట్టి ఉంచుతాయి.

మన చెల్కలో బంకమన్ను తక్కువ కనుక, వేసిన పెంట మన ఎండలకు త్వరగా హరించుకుపోతుంది. బంక రేణువులను అంటిపెట్టుకున్న హ్యూమస్ మాత్రం చాలాకాలం నిలుస్తుంది. చెరువు పూడిక మట్టిలో ఆ బంక ఉంటుంది; దాన్ని తోలిద్దామని నేను పట్టుబట్టేది అందుకే. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు రైతులు చెరువు మట్టిని పొలాలకు తోలుకున్నదీ ఈ గుణం ఎరిగే.

కాబట్టి నీవు పంపే డబ్బుతో ఈ వేసవిలో పూడిక తోలించి, గొర్రెల మంద పెట్టిస్తాను. తొలకరికి సగం చేనులో జనుము చల్లి, పూతకు రాగానే పదునులో కలియదున్ని, తరువాత ఉలవలు వేస్తాను. మిగిలిన సగంలో పత్తి ఉంటుంది. ఏరడం అయ్యాక ఆ కట్టెను తగలబెట్టనివ్వను, ముక్కలు కొట్టించి నేలలోనే కలిపిస్తాను. డబ్బా మందు కూడా వాడాలని నీకు ఉంటే, ఈ పనులయ్యాక ఒక్క మడిలో వేసి, పక్క మడితో పోల్చి చూద్దాం. వేసవి సెలవులకు నీవు వచ్చేసరికి చెరువు ఎండి ఉంటుంది, ట్రాక్టరు మాట్లాడి ఉంచుతాను.

మీ నాన్న