పూర్వ విద్యార్థుల సంఘం వార్షిక నివేదిక, 2025-26

సభ్యులందరికీ నమస్కారం.

భీమవరం నుంచి ఏ దిక్కుకి వెళ్లినా రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువులే. అయినా మన డిగ్రీ కాలేజీలో జువాలజీ, కెమిస్ట్రీ చదివిన పిల్లలు పాసవగానే హైదరాబాద్ బస్సెక్కుతున్నారు. ఈ ఏడాది సంఘం పనంతా దీని చుట్టూనే తిరిగింది.

2020-21లో మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. చోటు చూపించేవాళ్లు లేక, తెలిసినవాళ్ల సంతకంతో ఆ పని కానిచ్చేసిన పిల్లలూ ఉన్నారు. అందుకే చెరువులున్న సభ్యులను, రొయ్యలు శుద్ధి చేసే ప్లాంట్లలో పనిచేస్తున్న సభ్యులను ముందుగా కలిశాం.

ఉండి ఊరి దగ్గర మన సభ్యుడి చెరువు గట్టు మీద ఒక తెల్లవారుజామున నేనూ ఉన్నాను. నాలుగున్నర అయింది. రెండో ఏడాది అమ్మాయి డీవో మీటరు, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచేది, నీళ్లలోకి దింపింది. రాత్రంతా రొయ్యలు, నీళ్లలో తేలే సూక్ష్మజీవులు (ప్లాంక్టన్) కలిసి ఆక్సిజన్ పీల్చేస్తాయి కాబట్టి బాగా పడిపోయేది ఆ వేళకే. మీటరు లీటరుకు 3.2 మిల్లీగ్రాములు చూపించింది. నాలుగు కంటే తగ్గితే ప్రమాదమే. "బాబాయ్ గారూ, ఇంకో రెండు ఏరేటర్లు వేయించండి" అంది. నీళ్లలో గాలి కలిపే ఆ యంత్రాలు ఆయన వెంటనే వేయించారు. ఇన్నాళ్లూ నీళ్ల రంగు చూసి నిర్ణయించుకున్న మనిషి, ఇప్పుడు రోజూ ఆ అమ్మాయి నోటుబుక్కు అడిగి చూస్తున్నారు.

అన్నిచోట్లా ఇలా జరగలేదు. ఒక ప్లాంటు వాళ్లు ల్యాబ్ పని నేర్పుతామని పిల్లలను తీసుకుని, రెండు వారాలు ప్యాకింగ్ హాల్లో పెట్టెలు మోయించారు. ఐసు ముట్టి ముట్టి తిమ్మిరెక్కిన వేళ్లతో ఒక పిల్లాడు కాలేజీకి వస్తే చాలా బాధేసింది. ప్రిన్సిపాల్ గారితో వెళ్లి పిల్లలను వెనక్కి తెచ్చేశాం. ఏ విభాగంలో ఎన్ని వారాలు, నేర్పేది ఎవరు, రానుపోను ఖర్చు ఎవరిది, ఇవన్నీ రాసి సంతకం పెడితేనే ఇకమీదట పిల్లలను పంపుతాం. ఇది సంఘం తీర్మానం. అలా సంతకం పెట్టిన మరో ప్లాంటులో మన కెమిస్ట్రీ పిల్లలు రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలు దగ్గరుండి నేర్చుకున్నారు.

2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. మన రొయ్యకు పెద్ద గిరాకీ అక్కడే. రైతులూ ప్లాంట్ల వాళ్లూ టెన్షన్‌లో పడ్డారు, మాకు మాటిచ్చిన కొన్ని చోట్లు ఆగిపోయాయి. ఖాళీగా ఉండిపోయిన కామర్స్ పిల్లలు రైతుల దగ్గర రొయ్య కొని, ఒలిపించి, శుభ్రం చేసి, అరకిలో ప్యాకెట్లుగా ఊళ్లోనే అమ్మారు. పెంచేది ఇంత, మనం తినేది ఎంత తక్కువో వాళ్ల లెక్కల పుస్తకం చూస్తే తెలిసింది.

మొదటి ఏడాది పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద యనమదుర్రు డ్రెయిన్ పక్క ఊళ్లలో ఇంటింటికీ తిరిగి బోరు నీళ్లలో ఉప్పు ఎంతుందో కొలిచారు. ఉప్పు తమ చెరువుల వల్లే అంటారేమోనని, చెరువులున్న మన సభ్యులే కొందరు ఇది వద్దన్నారు. వాళ్ల ఇబ్బంది అర్థమైంది. కానీ ఆ ఊళ్లలో ఆడవాళ్లు తాగునీటి టిన్నులు కొనుక్కుంటున్నారు. ఫలితాలు దాచకుండా పంచాయతీలకు ఇచ్చేశాం.

జమాఖర్చుల పుస్తకం సమావేశంలో బల్ల మీద ఉంచాం, ఎవరైనా చూడవచ్చు. ఇంకో డీవో మీటరు కావాలి. అంతకన్నా ముఖ్యంగా, తెల్లవారకముందే చెరువుకి వెళ్లే ఆడపిల్లలను తీసుకెళ్లి దింపడానికి నమ్మకమైన బండి కావాలి. ఇవ్వగలిగినవాళ్లు వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోపు కార్యదర్శికి చెప్పండి.